దేహమను రేవు - దాని కావలివారు



మా మాతామహికి ముఖమునిండ స్ఫోటకపు గుంటలుండెడివి. చిన్నతనమున ఆమెకు పెద్దమ్మవారు పోసినది. ఆ యేట ఆ యింట నలుగురు పిల్లలలో ఆమె యొక్కతెయే మిగిలినది. నా ముంజేతిపై గుండ్రని మచ్చలు రెండున్నవి. అవి నా శైశవమున టీకాలు వేయువారు పొడిచిన గురుతులు. నా మనుమని చేతిపై అట్టి మచ్చలు లేవు. వానికి ఆ టీకాతో పనియే లేకపోయినది, ఏలయనగా ఆ వ్యాధియే భూమిమీద లేదు. మన దేశమున 1975వ సంవత్సరముతో మశూచికము ఆగిపోయినది. 1980లో ప్రపంచారోగ్యసంస్థవారు అది లోకమునుండియే తొలగినదని ప్రకటించిరి.

మాతామహిని గూర్చి మరియొక మాట చెప్పవలెను. అమ్మవారు పోసిన యిండ్లకు పోవుటకు ఊరివారు వెరచుచుండగా ఆమె మాత్రము జంకులేక పోయి, వేపమండలతో విసరుచు, గంజి పోయుచు రోగులకు పరిచర్య చేసెడిదట. "నాకొకసారి వచ్చిపోయినది, మరల రాదు" అనెడిదట. ఆమెకు అక్షరము రాదు. అయినను ఆమె పలికినది శాస్త్రము. ఒకసారి వచ్చిపోయిన శత్రువును దేహము మరువదు. ఆ గుర్తెట్లు నిలుచును, దేహమునందు దానిని నిలుపువారెవరు, ఎప్పుడు వారు తప్పుదురు, వారి విషయమున మన కర్తవ్యమేమి, అనునదియే నేటి ప్రసంగము.

మన పూర్వులకు ఈ విషయమున ఆలోచన లేకపోలేదు. చరకసంహిత సూత్రస్థానమున "వ్యాధిక్షమత్వము" అను మాట కలదు. వ్యాధిని ఎదిరించు శక్తి అని దాని భావము. అన్ని శరీరములును ఈ శక్తియందు సమానములు కావని ఆచార్యుడు చెప్పియున్నాడు. ఒకే గాలి, ఒకే నీరు, ఒకే అన్నము సేవించిన ఇరువురిలో ఒకడు పడకనెక్కుటయు, ఒకడు నాగలి పట్టుటయు మీరును చూచుచునే యున్నారు. నేటి వైద్యులు దీనినే వ్యాధినిరోధకశక్తి యనుచున్నారు. అది యొక్క అవయవమునందు కూర్చున్నది కాదు. చర్మము మొదలు ఎముకలలోని మూలుగ వరకు దేహమంతట వ్యాపించియున్న యొక పెద్ద ఏర్పాటు.

దానిని తెలిసికొనుటకు మన విశాఖపట్టణపు రేవును ఒకసారి తలచుకొనుడు. 1933లో ఈ రేవు పెద్దయోడలకు తెరువబడినది. ద్వారమున డాల్ఫిన్స్ నోస్ అను కొండ కాపు కాచుచున్నది. అలల తాకిడిని ఆపుటకు సముద్రములో రాళ్లకట్టలున్నవి. విదేశమునుండి వచ్చు ఓడ తిన్నగా లోనికి జొరబడరాదు. పసుపుపచ్చని జెండా నెత్తి, "మా యోడ ఆరోగ్యముగానున్నది, లోనికి రానిండు" అని తెలుపవలెను. రేవు ఆరోగ్యాధికారి యనుమతి కావలెను. తరువాత రేవువారి పైలెట్ ఎక్కి దానిని నడిపించుకొని రావలెను. ఇంత కావలి యున్నది గదాయని రేవు ద్వారమునే మూసివేసినచో నేమగును? బొగ్గు రాదు, నూనె రాదు, ఇనుపరాయి పోదు, ఉక్కు కర్మాగారపు కొలుములు చల్లారును, ఊరు పస్తుండును. కోటకు తలుపు మూయుట రక్షణ. రేవుకు తలుపు తెరచియుంచి వచ్చువారిని గుర్తించుట రక్షణ.

దేహమును అట్టి రేవే. గాలి పీల్చక, అన్నము తినక, నీరు త్రాగక అది నిలువదు. వానితోడనే కంటికి కనబడని క్రిములు లక్షలుగా వచ్చుచుండును. కనుక దేహరక్షణమునకు బలముకంటె వివేకము ముఖ్యము. తనవారెవరు, పరులెవరు, పరులలో మిత్రులెవరు, శత్రువులెవరు, ఈ శత్రువు మునుపు వచ్చినవాడా, కొత్తవాడా, యుద్ధమెప్పుడు ముగింపవలెను, అను ప్రశ్నలకు సరిగా ఉత్తరము చెప్పగల దేహమే ఆరోగ్యవంతము.

మొదటి కావలి గోడలవంటిది. చెక్కుచెదరని చర్మమును అధికసంఖ్యాకములగు క్రిములు దాటలేవు. కన్నీటిలోను, ఉమ్మిలోను క్రిములను కరగించు పదార్థములున్నవి. ముక్కులోని చీమిడి దుమ్మును, క్రిములను జిగటలో పట్టుకొనును. కడుపులోని పులుపు అనేక క్రిములను చంపును. ప్రేగులలో మనకు మేలుచేయు సూక్ష్మజీవులు కోటానుకోట్లు కాపురముండి పరులకు చోటీయవు. అందుచేతనే అక్కరలేని మందులు మ్రింగి వానిని చంపుకొనరాదని వైద్యులు చెప్పుదురు.

కాలిలో తుమ్మముల్లు దిగినదనుకొనుడు. గోడకు గండి పడినది. గడియలలోనే ఆ చోటు ఎర్రనగును, వేడెక్కును, వాచును, సలుపును. ఇది రోగమని మనము భయపడుదుము కాని, యిది కావలివారు పరుగెత్తి వచ్చిన గురుతు. రక్తములో ఎర్రకణములతోపాటు తెల్లకణములు కలవు. అందు కొన్ని ఆ గండి యొద్దకు చేరి క్రిములను మ్రింగివేయును. మ్రింగి తామును చచ్చును. మనము చీము అని అసహ్యించుకొనునది చాలవరకు మన కొరకు పోరి చచ్చిన కావలివారి కళేబరములే. జ్వరము కూడ అట్టిదే. క్రిములు వచ్చినవని తెలిసినప్పుడు మెదడే దేహపు వేడిని పెంచును. ఆ వేడియందు పెక్కు క్రిములు తామరతంపరగా పెరుగలేవు. అయినను జ్వరము హద్దు మీరినను, విడువకున్నను వైద్యుని చూడక తప్పదు.

ఈ మొదటి సైన్యమునకు పుట్టుకతో వచ్చిన బలమున్నది గాని చదువు లేదు. చదువుకొన్న సైన్యము వేరు. దాని బడులు ఎక్కడనున్నవో మీకు తెలియకయే తెలియును. కాలికి పుండు పడినప్పుడు గజ్జలో బిళ్ల కట్టినదందుము. గొంతు నొచ్చినప్పుడు దవడక్రింద బిళ్లలు తగులును. ఆ బిళ్లలు రోగమువలన క్రొత్తగా పుట్టినవి కావు. అందరికిని ఎప్పుడును చిక్కుడుగింజలవలె ఉండు గ్రంథులే అవి. దేహమంతట రక్తనాళములవలెనే తెల్లని పలుచని రసము ప్రవహించు సన్ననాళములు కలవు. ఆ రసమును శోషరసమందురు. ఆ నాళములు ఈ గ్రంథులగుండ పోవును. పుండు దగ్గరి కావలివాడొకడు చచ్చిన శత్రువు తునకను పట్టుకొని, ఆ నాళమార్గమున గ్రంథికి పోయి, "ఇదిగో, ఇట్టివాడు వచ్చినాడు. వీనిని ఎరిగినవారెవరైన కలరా?" యని చూపించును.

ఆ గ్రంథులలోని తెల్లకణములు విచిత్రమైనవి. ప్రతి కణమునకు ఒక్క ఆకారమునే గుర్తింపగల శక్తి యుండును. ఒకదానికి తెలిసినది వేరొకదానికి తెలియదు. ఇట్టివి కోట్లకొలదిగా నుండుటచేత, ఇంతవరకు లోకమున ఎవరును చూడని శత్రువు వచ్చినను వానిని గుర్తుపట్టగల కణము ఎక్కడనో యొకచోట నుండుట సంభవించును. దానికి శత్రువు తునక తగిలినంతనే అది రెండగును, రెండు నాలుగగును, నాలుగెనిమిదియగును. కొలది దినములలో పెద్ద దండు తయారగును. అప్పుడే బిళ్ల కట్టుట.

ఈ కణములన్నియు ఎముకల మూలుగలో పుట్టును. అందు కొన్ని రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ అను గ్రంథికి పోయి శిక్షణ పొందును. నేను నలువదేండ్లకు దగ్గరగా బడిపంతులుగా నుంటిని గాని అంతటి కఠినపరీక్షను ఏనాడును పెట్టలేదు. తన దేహమునే శత్రువుగా తలంచు కణమును, ఏమియు గుర్తింపలేని కణమును అక్కడనే నశింపజేయుదురు. నూటికి కొలది మాత్రమే తేలి బయటికి వచ్చును. ఈ బడి బాల్యమున పెద్దదిగానుండి, వయసుతోపాటు క్షీణించును. ముదిమిని క్రొత్త జబ్బులు మనలను సులభముగా లొంగదీయుటకు ఇదియొక కారణము.

అట్లు శిక్షణ పొందినవారిలో కొందరు సేనాపతులవలె ఆజ్ఞలిచ్చి తక్కినవారిని కదిలింతురు. కొందరు దేహములోని ప్రతి కణమును తనిఖీ చేయుదురు. ఇందాక చెప్పిన ఓడ జెండాను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మన దేహములోని ప్రతి కణమును తన లోపల తయారగుచున్న పదార్థపు ముక్కలను పైపొరమీద జెండావలె ఎత్తి చూపును. లోపల వైరసు చేరియున్నచో దాని ముక్కలును ఆ జెండాయందు కనబడును. తనిఖీదారు దానిని చూచి ఆ కణమును ఓడతోసహా ముంచివేయును. మూలుగలోనే పెరిగిన మరికొన్ని కణములు ప్రతిరక్షకములను పదార్థములను రక్తములోనికి విడుచును. అవి తాళమునకు తాళపుచెవివలె ఒక్క శత్రువునకే సరిపోయి, వానిని పట్టుకొని అంటకుండ చేయును.

యుద్ధము ముగిసిన పిమ్మట దండులో చాల భాగము నశించును. కొందరు మాత్రము ముసలి సిపాయిలవలె మిగిలి, ఆ శత్రువు ముఖమును మరువక ఏండ్ల తరబడి కాచుకొనియుందురు. మొదటిసారి దండు సిద్ధమగుటకు వారము, పది దినములు పట్టును. ఆ వ్యవధిలోనే రోగి పడిపోవచ్చును. రెండవసారి ఆ దండు బహుశీఘ్రముగా లేచును. శత్రువు వచ్చిపోయిన సంగతి కూడ మనకు తెలియకపోవచ్చును. మాతామహి ధైర్యమునకు మూలమిదియే.

ఈ జ్ఞాపకము ఎంతకాలము నిలుచును? డెన్మార్కు దేశమునకు చెందిన ఫారో దీవులు ఉత్తర అట్లాంటిక్ సముద్రములో దూరముగానున్నవి. అక్కడ 1781లో తట్టు వ్యాధి వచ్చినది. తరువాత అరువదియైదేండ్లు మరల రాలేదు. 1846లో వచ్చినప్పుడు ఆ దీవులలో అత్యధికులు మంచమెక్కిరి. దానిని పరిశీలించుటకు పోయిన పానుమ్ అను యువవైద్యుడొక వింతను కనుగొనెను. 1781లో తట్టు వచ్చి బ్రతికిన ముసలివారు ఆ ఇండ్లలోనే యున్నను వారికి మరల అది రాలేదు. అరువదియైదేండ్ల నాటి పాఠము! మనము నిన్న తిన్న కూర మరతుము, మన రక్తము బాల్యపు శత్రువును మరువదు.

అయితే ఆ పాఠమునకు గురుదక్షిణ దారుణమైనది. మాతామహి ముఖమునిచ్చి నేర్చుకొన్నది. ఆమె తోడబుట్టువులు ప్రాణములిచ్చియు నేర్చుకొనలేకపోయిరి. రోగము లేకుండ పాఠము మాత్రము చెప్పుటయే టీకా. 1796లో ఇంగ్లండు దేశమున జెన్నరను వైద్యుడు గోమశూచికమనెడి స్వల్పవ్యాధి రసమును ఒక బాలునికెక్కించి, పెద్ద మశూచికము వానిని అంటకుండుట చూపెను. టీకాకు ఆంగ్లమునగల పేరు లాటిన్ భాషలో ఆవు అను పదమునుండి పుట్టినదే. టీకాలో చచ్చిన క్రిమియో, బలము తీసిన క్రిమియో, దాని ముక్కయో, ఆ ముక్కను తయారుచేయు సూచనయో ఉండును. శత్రువు కాదు, శత్రువు పటము మాత్రమే. ఆ పటమును చూచి గ్రంథులలో దండు లేచును. టీకా వేసిన రాత్రి బిడ్డకు కొంచెము వెచ్చబడుట ఆ బడి నడచుచున్న గురుతు.

"ఒకసారి వేసిరి గదా, మరల మరల యేల?" యని తల్లులు అడుగుదురు. గురుకులమున శ్లోకమును ఒకసారి విన్నంతమాత్రమున వచ్చినదా? వల్లె వేయవలెను, మరునాడు చింత చేయవలెను, మాసమునకు మరల అప్పగింపవలెను. ఆవృత్తివలననే ధారణ. రక్తమునకును అదే పద్ధతి. రెండవ మోతాదు, మూడవ మోతాదు ఆవృత్తులు. నడుమ మానినచో పాఠము సగమగును.

అరువు రక్షణమొకటి కలదు. పాము కరచినవానికి నేర్చుకొనుటకు వ్యవధి లేదు. కనుక గుఱ్ఱములకు విషమును కొలదికొలదిగా ఎక్కించి, వాని రక్తములో తయారైన ప్రతిరక్షకములను తీసి మనకిత్తురు. వెంటనే పనిచేయును గాని అరువు సొమ్మువలె త్వరలో ఖర్చగును. తల్లియు అట్టి అరువునే బిడ్డకిచ్చును. గర్భమున కొంత, ముర్రుపాలలో కొంత. చిక్కగా పచ్చగానున్నవని ముర్రుపాలను పిండి పారబోయు ఆచారము కొన్నియిండ్లలో ఉండెడిది. ఇప్పటికిని ఎక్కడనైన నున్నచో పెద్దలే మాన్పింపవలెను. శిశువునకు తల్లి ఇచ్చు మొదటి కవచమది.

పిచ్చికుక్క కాటు విషయమున ఈ రెండు విధములును కావలసివచ్చును. ఆ వైరసు రక్తమున పరుగెత్తదు. నరములవెంట మెల్లగా మెదడువైపు ప్రాకును. అందుచేత కరచిన పిదప కూడ దేహమునకు పాఠము చెప్పుటకు వ్యవధి దొరకును. 1885లో ఫ్రాన్సు దేశమున పాశ్చరు పండితుడు ఆ వ్యవధినే ఉపయోగించి ఒక బాలుని రక్షించెను. కరచిన వెంటనే గాయమును పారునీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే వైద్యశాలకు పోవలెను. గాయము లోతైనచో టీకాతోపాటు గాయముచుట్టు ప్రతిరక్షకముల మందును ఎక్కింతురు. చెప్పిన మోతాదులన్నియు తీసికొనవలెను. పసరు పూసి, మంత్రము వేయించి ఆ దినములు పోగొట్టుకొన్నచో, జలభీతి కనబడిన తరువాత ప్రాణము దక్కుట దాదాపు లేదు.

ఇక ఈ కావలి తప్పు విధములు మూడు. బలహీనత, మోసపోవుట, అతిక్రోధము.

పస్తులవలన, చక్కెరవ్యాధివలన, వృద్ధాప్యమువలన కావలివారు నీరసింతురు. చక్కెరవ్యాధి గలవాని కాలిపుండు మానకుండుట మీరెరిగినదే. హెచ్.ఐ.వి. అను వైరసు సేనాపతులనే పట్టి చంపును. అందుచేత సామాన్యక్రిమియు ఆ రోగిని కూల్చును. దానికి నేడు ప్రతిదినము మింగవలసిన మందులు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ దొరకుచున్నవి. అవి విడువక వాడువారు చిరకాలము జీవించుచున్నారు. తట్టు వ్యాధికొక దుర్గుణము కలదు. అది మునుపు నేర్చిన పాఠములను కొంత తుడిచివేయును. తట్టు తగ్గిన బిడ్డ తరువాత మాసములలో ఇతర జబ్బులతో బాధపడుటకు ఇది కారణము.

మోసపోవుటకు మన తీరమునకంటె నిదర్శనము దూరమున వెదుకనక్కరలేదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమలలో బోదకాలు ఎరుగని పెద్దలు లేరు. దాని పురుగులు దోమకాటుతో ప్రవేశించి, నే నిందాక చెప్పిన శోషరసనాళములలోనే, అనగా కావలివారి బాటలోనే, కాపురము పెట్టును. ఆరు మొదలు ఎనిమిదేండ్ల వరకు జీవించి లక్షలకొలది పిల్లపురుగులను రక్తములోనికి విడుచును. ఆ పిల్లలు రాత్రివేళ చర్మము దగ్గరి రక్తమునకు వచ్చును. అందుచేతనే ఆరోగ్యశాఖవారు రాత్రి పూట వచ్చి వ్రేలినుండి రక్తము తీయుదురు. ఇంత జరుగుచుండగా కావలివారేమి చేయుచుందురు? పురుగు విడుచు పదార్థములు వారిని మందమతులను చేయును. దొంగ కావలివానికి మత్తు పెట్టినట్లు. నాళములు చెడి, పగుళ్లలో వేరు క్రిములు చేరి, జ్వరమును వాపును పలుమార్లు వచ్చి, కడకు కాలు స్తంభమగును.

ఈ విషయమున నేనును నిర్దోషిని కాను. 2004 మొదలు మన దేశమున బోదసీమలలో ఏటేట ఊరందరికిని మాత్రలు పంచు ఏర్పాటు సాగినది. మా వీథికి వచ్చిన అమ్మాయి చేతికి మాత్రలిచ్చి "మాస్టారూ, నా యెదుటనే మింగండి" అన్నది. "నా కాళ్లు నిక్షేపముగానున్నవమ్మా, రోగము లేనివానికి మందేల?" యని వాదించి పంపి, మాత్రలను గూటిలో పెట్టి మరచితిని. కొంతకాలమునకు రాత్రి వచ్చి రక్తము తీసికొని పోయినవారు తిరిగి వచ్చి, నా రక్తమున పిల్లపురుగులు కనబడినవని చెప్పిరి. నాకు వాపు లేదు, జ్వరము లేదు, కాని నన్ను కుట్టిన దోమలు ఆ పురుగులను ఏ యింటి బిడ్డకు మోసికొనిపోయెనో నాకు తెలియదు. పండ్రెండు దినములు మందు మింగితిని. నా కావలి నిద్రించుట నా ఆరోగ్యమని తలంచితిని. ఆ పొరపాటు మీకు రాకూడదనియే ఈ మాట చెప్పుచున్నాను. రెండేండ్లు నిండని పిల్లలు, గర్భిణులు, తీవ్రరోగులు తప్ప, ఆ మాత్రలు పంచు ఊరిలో అందరును మింగవలసినదే. ఇప్పటికే కాలు వాచినవారు దినదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులు తడి లేకుండ తుడిచి, పగుళ్లకు మందు వేసికొన్నచో జ్వరములు తగ్గి ఊరట కలుగును.

ఆ మాత్రలలోని ముఖ్యమైన మందు చరిత్ర తెలుగువారు గర్వింపదగినది. 1895లో భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధిచేత కొలది దినముల తేడాలో మరణించిరి. ఆ దుఃఖము ఆయనను వైద్యశాస్త్రపరిశోధన వైపు త్రిప్పినది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము 1947లో ఈ బోదమందును వెలువరించెను. దాని పేరు డైఇథైల్‌కార్బమజీన్. అది పిల్లపురుగుల మరుగును తొలగించి దేహపు కావలివారికి పట్టియిచ్చునని పరిశోధకులు భావించుచున్నారు.

మూడవ తప్పు అతిక్రోధము. హాని చేయని పుప్పొడిని, దుమ్మును శత్రువని తలంచి లేచినచో తుమ్ములు, దద్దురులు, ఉబ్బసము. తనవానినే శత్రువని కొట్టినచో మరింత ప్రమాదము. పిల్లలకు ఒక జాతి క్రిమివలన గొంతునొప్పి వచ్చి, సరిగా మందు వాడనిచో, ఆ క్రిమిని కొట్టబోయిన ప్రతిరక్షకములు పోలికచేత పొరబడి గుండెకవాటములను చెరచును. కీళ్లను కావలివారే కొరికి వంకరలు చేయు కీళ్లవాతమొకటి కలదు. దానికి నేడు వైద్యులు అల్పమోతాదులో ఇచ్చు మెథోట్రెక్సేట్ అను మందును సుబ్బారావుగారి బృందపు పరిశోధనలోనిదే. నిద్రించు కావలిని లేపుటకు తోడ్పడు మందొకటి, రేగిన కావలిని శాంతింపజేయు మందొకటి, ఒకే తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చినవి. ఆయన 1948లో గతించిరి.

దీనినుండి మనము గ్రహింపవలసినదేమి? 2020లో కరోనా వచ్చినది మొదలు "రోగనిరోధకశక్తిని పెంచును" అని చెప్పి చూర్ణములు, కషాయములు, మాత్రలు అమ్ముచున్నారు. పెంచుటయే మేలైనచో ఉబ్బసము, కీళ్లవాతము మేలు కావలెను గదా! కావలసినది పెంపు కాదు, శిక్షణము. దానికి ఆహారము, నిద్ర, శుభ్రమైన నీరు, పొగాకు మానుట సహాయములు. పాఠము చెప్పునది టీకా. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు కొనవలసిన రూకలతో చూర్ణపు సీసా కొనుట వివేకము కాదు.

టీకావలన ఒక్కని మేలు మాత్రమే కాదు. ఊరిలో అధికులకు రక్షణ యున్నచో వ్యాధికి ఒకని యింటినుండి మరియొకని యింటికి పోవ మెట్టు దొరకదు. అప్పుడు టీకా వేయరాని పసికందును, రోగియు ఊరి చాటున బ్రతుకుదురు. మన దేశమున పోలియో చివరి రోగి 2011 జనవరిలో కనబడినది, 2014లో ఈ దేశము పోలియోరహితమని ధ్రువీకరించిరి. ఇంటింట రెండు చుక్కలు వేయించిన తల్లుల పుణ్యమది. నేడు లోకమునకు టీకాలు పంపువారిలో మన హైదరాబాదువారు కలరు. అక్కడి శాంతా బయోటెక్నిక్స్‌వారు 1997లో కామెర్లనిరోధపు హెపటైటిస్-బి టీకాను తయారుచేసి ధర దింపిరి. పసిపిల్లల విరేచనములనరికట్టు రోటావైరసు టీకాను భారత్ బయోటెక్‌వారు తయారుచేయగా, 2016లో దానిని ప్రభుత్వము మొదట ఇచ్చిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమొకటి.

పెద్దలారా, ఇంటిలో మీ మాట చెల్లును. కోడలు బిడ్డను టీకాకు తీసికొనిపోవలెనా వద్దాయని తటపటాయించునప్పుడు ఆమె మీ ముఖము చూచును. "జ్వరము వచ్చునేమో, వచ్చేవారము చూతము" అని మీరన్నచో ఆ వారము రాదు. "పోయి రామ్మా, కార్డు తీసికొని పో" అన్నచో బిడ్డ రక్తమున జీవితాంతము నిలువగల పాఠమొకటి మొదలగును. గాయపడినప్పుడు ధనుర్వాతపు సూది విషయమున, మీ వయసున ఏ టీకాలు కావలెనను విషయమున మీ వైద్యుని మీరే అడుగుడు. మన బడి క్షీణించినది గనుక మనకును ఆవృత్తి అవసరమే.

నా మనుమడొకనాడు నా ముంజేతి మచ్చలను వ్రేలితో తడవి, "తాతా, ఇవి నొప్పా?" యని అడిగెను. "అప్పుడు కొంచెము నొప్పి, ఇప్పుడు లేదు" అంటిని. వాడు మా మాతామహి ముఖము చూడలేదు. ఆ ముఖమువంటి ముఖమును వాని కాలమున ఎవరును చూడనక్కరలేదు. తక్కిన వ్యాధుల గురుతులు కూడ వాని మనుమలకు తెలియకపోవుట మనచేతిలోనున్నంతవరకు మనము చేయుదము.